రామన్‌కూ బదిలీలు తప్పలేదు

ప్రతి సంవత్సరం ఫిబ్రవరి 28న ఉదయం ప్రార్థన అయ్యాక సి.వి. రామన్ గురించి ఒక ప్రసంగం ఉంటుంది. నాన్న ఉద్యోగం వల్ల ఇది నాకు నాలుగో ఊరు, నాలుగో విద్యాలయం. కాబట్టి ఆ ప్రసంగాన్ని నాలుగు యాసల్లో విన్నాను. కథ మాత్రం మారలేదు. 1921లో రామన్ ఓడలో వస్తుంటే మధ్యధరా సముద్రం నీలంగా కనిపించింది, ఎందుకు నీలం అని ఆలోచించారు, 1928లో రామన్ ఎఫెక్ట్ కనుక్కున్నారు, 1930లో నోబెల్ బహుమతి వచ్చింది, చప్పట్లు.

ఈ కథలో అబద్ధం లేదు. కానీ మనలాంటి పిల్లలకు అన్నిటికన్నా పనికొచ్చే భాగాన్నే మనం ప్రతిసారీ వదిలేస్తున్నామని నా అభిప్రాయం. 1907 నుంచి 1917 వరకు, పదేళ్లు, రామన్ భారత ప్రభుత్వ ఆర్థిక శాఖలో లెక్కల అధికారి. మన అమ్మానాన్నల్లాగే బదిలీ ఉన్న ఉద్యోగి. ఆయన చేతికి కూడా ఉత్తర్వు కాగితం వచ్చేది, ఆయన కూడా సామాను సర్దుకుని వెళ్లేవారు. ఆ పదేళ్ల గురించి ఎవరూ మైకు ముందు చెప్పరు.

అసలు రామన్ చిన్నతనమే ఊరు మారడంతో మొదలైంది. ఆయన 1888 నవంబరు 7న తిరుచిరాపల్లి దగ్గర పుట్టారు. నాన్నగారు చంద్రశేఖర అయ్యర్‌కు విశాఖపట్నంలో మిసెస్ ఏ.వి.ఎన్. కాలేజీలో గణితం, భౌతికశాస్త్రం చెప్పే ఉద్యోగం దొరికితే 1892లో కుటుంబమంతా అక్కడికి వచ్చేసింది. అప్పటికి రామన్‌కు నాలుగేళ్లు. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు. ఇది మనకు కొత్తగా చెప్పక్కర్లేదు, మన ఇళ్లలో ఇంతకన్నా ఎక్కువ భాషలు కలిసి ఉంటాయి. పదకొండో ఏట మెట్రిక్యులేషన్, పదమూడో ఏట ఎఫ్.ఏ. విశాఖలోనే పూర్తయ్యాయి. 1903లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్లారు. సముద్రం నీలం ఎందుకన్న ప్రశ్న ఓడ మీద హఠాత్తుగా పుట్టిందని అందరూ అంటారు గానీ, పదేళ్లకు పైగా విశాఖ సముద్రాన్ని చూస్తూ పెరిగిన పిల్లవాడి మనసులో అది అంతకు ముందే ఎక్కడో ఉండి ఉంటుందని నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే, పరీక్షలో రాయకండి.

ఎం.ఏ. అయ్యాక ఇంగ్లండు వెళ్లి చదవాలనుకుంటే, ఆ చలికి శరీరం తట్టుకోదని వైద్యాధికారి అన్నారు. ఇక్కడ పరిశోధన చేయడానికి ఉద్యోగాలు లేవు. అందుకని ఆర్థిక శాఖ పోటీ పరీక్ష రాసి మొదటి స్థానంలో నిలిచారు. 1907లో లోకసుందరి గారితో పెళ్లి, అదే సంవత్సరం కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరిక. వయసు పద్దెనిమిది. అంటే ఇప్పుడు మన పన్నెండో తరగతి అన్నయ్యలు, అక్కయ్యల వయసు.

ఇక్కడి నుంచి కథ మన ఊరిది. ట్రాములో ఆఫీసుకు వెళ్తూ వస్తూ ఉండగా బౌబజార్ వీధిలో 210 నంబరు భవనం మీద ఇండియన్ అసోసియేషన్ ఫర్ ద కల్టివేషన్ ఆఫ్ సైన్స్ అనే బోర్డు ఆయన కంటబడింది. 1876లో డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ చందాలు పోగుచేసి పెట్టిన సంస్థ అది. భారతీయులే తమ చేతులతో పరిశోధన చేయాలన్నది ఆయన కల. ఉపన్యాసాలు జరిగేవి, వినడానికి జనం వచ్చేవారు, కానీ పరికరాలు ముట్టుకుని పరిశోధన చేసేవాళ్లే కరువయ్యారు. ఆ దిగులుతోనే ఆయన 1904లో కన్నుమూశారు. మూడేళ్ల తర్వాత ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తున్న ఒక కుర్ర అధికారి ట్రాము దిగి ఆ తలుపు తట్టాడు.

తలుపు తీసిన మనిషి పేరు అశుతోష్ దే. ఈ పేరు మన ప్రసంగాల్లో నాకు ఒక్కసారి కూడా వినబడలేదు. ఆయన అక్కడి సహాయకుడు, విశ్వవిద్యాలయం మెట్లెక్కిన మనిషి కాదు. ఆయన రామన్‌ను లోపలికి తీసుకెళ్లి, అప్పటి కార్యదర్శి అమృత్‌లాల్ సర్కార్‌కు పరిచయం చేశారు. అమృత్‌లాల్ మహేంద్రలాల్ కొడుకే. వచ్చినవాడు ఏ కాలేజీ ప్రొఫెసరో కాదు, లెక్కల ఆఫీసు ఉద్యోగి. అయినా ల్యాబ్ ఆయనకు అప్పగించారు.

ఆ తర్వాత రామన్ దినచర్య ఇలా ఉండేది. తెల్లవారుజామున ఐదున్నరకల్లా ల్యాబ్. పది గంటలు కావస్తుండగా ఇంటికి వచ్చి స్నానం, భోజనం, ఆఫీసు. సాయంత్రం ఐదు తర్వాత ఆఫీసు నుంచి నేరుగా మళ్లీ ల్యాబ్. రాత్రి తొమ్మిదిన్నర, పది దాకా అక్కడే. ఆదివారం రోజంతా అక్కడే. ఆఫీసు వేళలు దాటిన ఈ సమయంలో తలుపులు తీసి ఉంచడం, పరికరాలు అమర్చడం అశుతోష్ దే పని. తర్వాతి కాలంలో కొన్ని పరిశోధన పత్రాల్లో రామన్ తన పేరు పక్కనే అశుతోష్ దే పేరు కూడా వేశారు.

ఇప్పుడు బదిలీల సంగతి. 1909లో రంగూన్‌కు ఉత్తర్వు వచ్చింది. అప్పటికి బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే, కాబట్టి కాదనడానికి లేదు. 1910లో నాగపూర్. 1911లో మళ్లీ కలకత్తా, ఈసారి తపాలా తంతి శాఖ లెక్కల విభాగం. మూడేళ్లలో మూడు ఊళ్లు. బదిలీ అయిన చోట ఇంట్లోనే ఒక గది ప్రయోగాలకు వాడుకున్నారని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. అయినా బౌబజార్ ల్యాబ్‌ను పెట్టెలో సర్దుకుని వెళ్లలేరు కదా.

ఆ రోజుల్లో ఆయన ఏం పని చేశారో చూస్తే నాకు ఒక విషయం తట్టింది. కాంతి మీద తర్వాత ఎంత పేరు వచ్చినా, తొలి సంవత్సరాల్లో ఆయన ఎక్కువగా పట్టుకున్నది ధ్వనిని. కంపించే తీగలు, వయొలిన్, వీణ, తంబురా, మృదంగం, తబలా. 1909లో ఏక్‌తారా మీద కూడా ఒక చిన్న వ్యాసం రాశారు. అవును, మన వార్షికోత్సవానికి వచ్చే బావుల్ గాయకుడి చేతిలో ఉండే ఒంటితీగ వాద్యమే. ఈ పనికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. తీగ, చెక్క, కొంచెం వెలుతురు, బోలెడంత ఓపిక చాలు. లోకసుందరి గారు వీణ వాయించేవారు, అంటే ఒక పరికరం ఇంట్లోనే ఉంది. మృదంగం, తబలా విషయంలో ఆయన చూపించింది మామూలు విషయం కాదు. మామూలుగా బిగించిన చర్మం మీద కొడితే వచ్చే ధ్వనిలో స్వరాలు ఒకదానికొకటి పొత్తు కుదరవు, అందుకే చాలా డప్పుల్లో చప్పుడే గానీ శ్రుతి ఉండదు. మన మృదంగం మధ్యలో నల్లగా పూసే ముద్ద ఉంది చూడండి, దాన్ని మనం కరణి అంటాం. ఆ బరువు వల్ల ఆ స్వరాలు తీగ వాద్యంలో లాగా లెక్క ప్రకారం కుదురుకుంటాయి. పేరు తెలియని మన పాత వాద్యకారులు చెవితో సాధించినదాన్ని ఆయన కొలిచి చూపారు. బదిలీలున్న మనిషి మోసుకెళ్లగలిగిన విజ్ఞానం ఇది అని నాకు అనిపిస్తుంది.

అయితే ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఇదంతా చదివి పెద్దవాళ్లు చటుక్కున అనే మాట, "చూశావా, రామన్‌కు బదిలీ అడ్డు కాలేదు, నీకెందుకు అడ్డవుతుంది?" అని. ఈ మాటను నేను ఒప్పుకోను. బదిలీ ఆయనకు అడ్డయింది. అందుకే ఆయన బదిలీ లేని చోటు వెతుక్కున్నారు. 1917లో కలకత్తా విశ్వవిద్యాలయం మాజీ వైస్ చాన్సలర్ అశుతోష్ ముఖర్జీ, తారక్‌నాథ్ పాలిత్ ఇచ్చిన విరాళంతో ఏర్పడిన భౌతికశాస్త్ర ఆచార్య పదవిని రామన్‌కు ఇచ్చారు. ప్రభుత్వ జీతంలో అది సుమారు సగం. ఆ పదవిలో చేరేవారు విదేశాల్లో శిక్షణ పొంది ఉండాలని ఒక నిబంధన ఉంటే, నేను వెళ్లను అన్నారు రామన్. విశ్వవిద్యాలయమే తగ్గింది. సగం జీతానికి ఆయన కొనుక్కున్నది ఏమిటంటే, ఒకే ఊళ్లో ఒకే ల్యాబ్‌లో వరుసగా పని చేసుకునే అవకాశం. అసలు పెద్ద ఆవిష్కారం ఆ తర్వాత పదకొండేళ్లకు గానీ రాలేదు. (ఇద్దరు అశుతోష్‌లూ ఆయన జీవితంలో ఉండటం తమాషాగా లేదూ? ఒకరు ల్యాబ్ తలుపు తీశారు, ఒకరు ఉద్యోగం తలుపు తీశారు. విగ్రహాలు, రోడ్లు, కాలేజీలు మాత్రం రెండో ఆయన పేరు మీదే ఉన్నాయి.)

కాబట్టి బదిలీ మంచిదేనని మనకు సర్దిచెప్పడానికి రామన్‌ను వాడుకోకూడదు. ఆయన జీవితం చెప్పేది వేరు. ఊళ్లు మారే మనిషికి ఆఫీసు వేళల బయట తెరిచి ఉండే ఒక తలుపు కావాలి, తాను వెళ్లిపోయినా పనిని నిలబెట్టే మనుషులు కావాలి.

1928 నాటి కథలో కూడా అలాంటి మనుషులున్నారు. సముద్రం నీలానికి కారణం ఆకాశం ప్రతిబింబమే అని అప్పట్లో లార్డ్ రేలీ చెప్పిన మాట. రామన్ ఓడ మీదే ఒక నికోల్ పట్టకంతో ఆ ప్రతిబింబాన్ని తగ్గించి చూశారు. నీలం పోలేదు సరికదా, ఇంకా బాగా కనిపించింది. అంటే నీటి అణువులే కాంతిని వెదజల్లుతున్నాయి. అక్కడి నుంచి ఏడేళ్లు రకరకాల ద్రవాల్లో కాంతి ఎలా చెదురుతుందో చూస్తూ పోయారు. ఆ బృందంలో ఎస్. వెంకటేశ్వరన్ అనే ఆయన ఉన్నారు. పగలు అలీపూర్‌లో ప్రభుత్వ పరీక్షాశాలలో ఉద్యోగం, పరిశోధన మాత్రం ఆఫీసు వేళలు అయ్యాక, సెలవు రోజుల్లో. శుద్ధి చేసిన గ్లిసరిన్‌లో చెదిరిన కాంతి ఎప్పటిలా నీలంగా కాక పచ్చగా కనబడిందని గమనించింది ఆయనే. ఆ దారి పట్టుకుని రోజంతా ల్యాబ్‌లో ఉండగలిగిన కె.ఎస్. కృష్ణన్, రామన్ కలిసి ముందుకు వెళ్లారు. ఒకే రంగు కాంతిని ద్రవంలోకి పంపితే దాదాపు అంతా అదే రంగుతో చెదురుతుంది. ఎక్కడో కోటిలో ఒక కాంతి కణం మాత్రం అణువు కంపనానికి కొంత శక్తి ఇచ్చో, పుచ్చుకునో రంగు మార్చుకుని వస్తుంది. ఫిబ్రవరి 28న వాళ్లు చూసింది ఆ మార్పునే. ఆ తేడాను కొలిస్తే ఆ అణువు ఏమిటో చెప్పవచ్చు. ఇప్పుడు మందులు అసలో నకిలీయో తేల్చడానికి, రత్నాలను పరీక్షించడానికి దీన్నే వాడుతున్నారు. ఆ సంవత్సరమే మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌స్టామ్ అనే ఇద్దరు స్ఫటికాల్లో ఇదే విషయం కనుక్కున్నారు. ఆలస్యం చేసి ఉంటే పేరు వేరే అయ్యేది.

అదే 1928లో ఒక తెలుగు కుర్రాడు బౌబజార్ వచ్చాడు. సూరి భగవంతం. 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివి, రామన్ దగ్గర పని చేయాలని కలకత్తా చేరాడు. మూడేళ్లలో గురుశిష్యులిద్దరూ కలిసి కాంతి కణానికి స్పిన్ ఉందని ప్రయోగం చేసి చూపారు. (స్పిన్ అంటే బొంగరంలా తిరగడం అనుకోవద్దని మా ఫిజిక్స్ సార్ గట్టిగా చెప్పారు, కాబట్టి ఇక్కడితో ఆపుతాను.) 1932లో భగవంతం వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్లారు. విశాఖ నుంచి బయలుదేరిన పిల్లవాడు కలకత్తా వస్తే, ఆయన దగ్గర నేర్చుకున్న శిష్యుడు తిరిగి విశాఖ చేరాడన్నమాట. ఆ తర్వాత భగవంతం గారు లండన్‌లో భారత హైకమిషన్‌లో, ఉస్మానియా వైస్ చాన్సలర్‌గా హైదరాబాద్‌లో, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్‌గా బెంగళూరులో, రక్షణ మంత్రికి వైజ్ఞానిక సలహాదారుగా ఢిల్లీలో పని చేశారు. మనలో ఎవరూ ఆయనంత తిరిగి ఉండరు. తెలుగు సెక్షన్‌లో ఇన్నేళ్లుగా ఆయన మీద ఒక్క వ్యాసమైనా ఎందుకు రాలేదో పాత సంచికలు తిరగేసిన నాకు అర్థం కాలేదు.

తలుపు గురించి ఇంతగా చెబుతున్నాను కాబట్టి, రామన్ స్వయంగా మూసిన తలుపు గురించి కూడా చెప్పాలి. 1933లో ఆయన బెంగళూరు ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్‌గా వెళ్లారు. బొంబాయి విశ్వవిద్యాలయంలో మంచి మార్కులతో డిగ్రీ పూర్తి చేసిన కమలా భాగవత్ అక్కడ చేరడానికి దరఖాస్తు పెడితే, అమ్మాయి అన్న కారణంతో ఆయన కాదన్నారు. ఆమె వదల్లేదు. ఎదురుగా వెళ్లి వాదిస్తే షరతులతో చేర్చుకున్నారు. కమలా సొహొనీ పేరుతో మనం చదువుకునేది ఆమె గురించే, 1939లో కేంబ్రిడ్జ్ నుంచి డాక్టరేట్ తెచ్చుకున్నారు. తర్వాత రామన్ ల్యాబ్‌లో అన్నా మణి లాంటివాళ్లు పని చేశారు. ఒక బోర్డు చూసి లోపలికి వెళ్తే ఎవరూ అడ్డు చెప్పని అదృష్టం తనకు దొరికింది గదా, అదే ఇంకొకరికి ఇవ్వడానికి అంత వాదన ఎందుకు కావలసివచ్చింది? సైన్స్ డే నాడు ఈ ప్రశ్న కూడా అడిగితే రామన్ చిన్నవారైపోరు.

ఇక మన సంగతి. దేశమంతా సిలబస్ ఒకటే కాబట్టి మన చదువు దెబ్బతినదని అంటారు. పాఠాల వరకు అది నిజమే. నవంబరులో ఒక ఊళ్లో ఏడో పాఠం దగ్గర ఆగితే, డిసెంబరులో ఇంకో ఊళ్లో ఎనిమిదో పాఠం దొరుకుతుంది. దొరకనిది మనం సొంతంగా మొదలుపెట్టిన పని. తొమ్మిదో తరగతిలో నేను, ఇంకో ఇద్దరం కలిసి తబలా మీద పిండి ముద్ద బరువు మారుస్తూ ధ్వనిని ఫోన్‌లో రికార్డు చేసే ప్రాజెక్టు మొదలుపెట్టాం. పద్దెనిమిది కొలతలు తీసుకున్నాక నాన్నకు ఉత్తర్వు వచ్చింది. కొత్త చోట ప్రదర్శనకు పేర్లు అప్పటికే పంపేశారు, వచ్చే సంవత్సరం చూద్దామన్నారు. వాళ్ల నియమం ప్రకారం వాళ్లు అన్నారు. టి.సి.లో నా పుట్టిన తేదీ, మార్కులు, ప్రవర్తన అన్నీ ఉన్నాయి. ఆ పద్దెనిమిది కొలతలకు చోటు లేదు. మన తరగతిలో అడిగి చూస్తే ఇలాంటివి ఇంకా బయటపడ్డాయి. ఒకరి మొక్కల పట్టిక ఝాన్సీలో ఆగింది, ఒకరి రోబో జోర్హాట్‌లో పెట్టెలోనే ఉండిపోయింది.

టి.సి.తో పాటు ప్రాజెక్టు నోట్‌బుక్ కూడా టీచర్ సంతకంతో మన చేతికి ఇవ్వాలి. చేరిన చోట, పేర్లు పంపడం అయిపోయినా సరే, ఆ నోట్‌బుక్ ఉన్నవాళ్లను ఏదో ఒక జట్టులో చేర్చుకోవాలి. దీనికి డబ్బు ఖర్చు లేదు, ఒక సర్క్యులర్ చాలు. మనం వదిలి వెళ్లే పనిని ఒక చిన్న తరగతి విద్యార్థికి అప్పగించి వెళ్లే పద్ధతి కూడా ఉండాలి. రామన్ రంగూన్‌లో ఉన్నప్పుడు బౌబజార్ భవనంలో అశుతోష్ దే ఉన్నట్టు, మన వెనకాల కూడా ఎవరో ఉండాలి కదా.

ల్యాబ్ వేళలు కూడా మారాలి. ఇప్పుడు మన ల్యాబ్ టైమ్‌టేబుల్‌లో ఉన్న పీరియడ్‌లోనే తెరుస్తారు. వారానికి రెండు సాయంత్రాలు, బస్సులు వెళ్లాక ఒక గంట తెరిచి ఉంచమని మా అభ్యర్థన. ల్యాబ్ దాదా ఇల్లు దూరం, ఆయన చేత ఊరికే పని చేయించమని అడగడం లేదు, ఆ గంటలకు వేరే లెక్క కట్టాలి. ఆయన తాళంచెవుల గుత్తిలో ఏ బీరువాలో ఏ లెన్సు ఉందో ఆయనకు తెలిసినంత మాకెవరికీ తెలియదు. ప్రదర్శన బోర్డు మీద సహకారం అని రాసే చోట ఆయన పేరు కూడా వేయాలి. అశుతోష్ దే పేరు పత్రాల మీద ఉన్నప్పుడు ఇది పెద్ద మాటేం కాదు.

ఎవరికైనా ఆ చోటు చూడాలని ఉంటే న్యూ టౌన్ నుంచి కష్టం కాదు. సెక్టార్ ఫైవ్‌లో మెట్రో ఎక్కి శియాల్దాలో దిగితే బౌబజార్ దగ్గరే. వీధి పేరు ఇప్పుడు బిపిన్ బిహారీ గంగూలీ స్ట్రీట్. 210 నంబరులో ఇప్పుడు ఒక కామర్స్ కాలేజీ ఉంది, పాత భవనం లేదు. అసోసియేషన్ ఎన్నడో జాదవ్‌పూర్‌కు మారింది. సంస్థలకు కూడా బదిలీలు ఉంటాయి కాబోలు. ఈ ఫిబ్రవరిలో ప్రసంగం నా వంతు. అశుతోష్ దేతో మొదలుపెడతాను, సముద్రం దగ్గరికి వచ్చేసరికి బెల్ మోగినా ఫరవాలేదు. నా తబలా నోట్‌బుక్ మాత్రం ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె తీసుకుంది, ముప్పై ఒకటో కొలత దగ్గర ఉంది. వాళ్ల నాన్నగారిది కూడా బదిలీల ఉద్యోగమే.